కంచంలో ఉన్నదీ, ఫోన్‌లో రాసుకున్నదీ

(విజయవాడలో జరిగిన ఒక గ్రంథాలయ సమావేశంలో ఒక పోషకాహార నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

సభలోని పెద్దలందరికీ, సోదరీ సోదరులకూ నమస్కారం. నిత్యజీవితంలో పోషకాహార యాప్‌లను మనం ఎలా వాడుతున్నామన్నది నాకు ఇచ్చిన విషయం. ముందుగా మీలో ఎందరి ఫోన్లలో తిండి లెక్క రాసుకునే యాప్ ఉందో చేతులు ఎత్తండి. సగానికి పైగానే ఉన్నారు, సంతోషం. ఇప్పుడు, నిన్న రాత్రి తిన్నది కూడా అందులో రాసినవారు మాత్రం చేయి అలాగే ఉంచి, మిగిలినవారు దించండి. ముందు వరుసలో ముగ్గురు, వెనక గోడ దగ్గర ఒక అమ్మాయి మిగిలారు. దించినవారు నొచ్చుకోవలసిన అవసరం లేదు. నా దగ్గరకు సలహాకు వచ్చేవారిలోనూ ఎక్కువమంది పరిస్థితి ఇదే. ఉత్సాహంగా మొదలుపెడతారు, రెండు మూడు వారాలు రాస్తారు, ఒక పెళ్లికో ఊరికో వెళ్లివచ్చాక ఆపేస్తారు. యాప్ మాత్రం ఫోన్‌లో ఉండిపోతుంది, ‘ఈ రోజు ఏం తిన్నారు’ అని అడుగుతూనే ఉంటుంది.

అసలు ఇంతమంది ఎందుకు మొదలుపెడుతున్నారు? భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన మధుమేహ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో దాదాపు 10 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ ఆ సర్వే తేల్చింది. అంటే మన ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరికి డాక్టరు గారు ‘అన్నం తగ్గించండి, బరువు తగ్గండి’ అని చెప్పే ఉంటారు. ఎంత తగ్గించాలి, దేనితో భర్తీ చేయాలి, తగ్గించినట్టు తెలిసేది ఎలా అన్నవి వివరించడానికి ఆసుపత్రిలో ఆయనకు సమయం ఉండదు. ఆ ఖాళీలోకి యాప్ వచ్చింది. కాబట్టి యాప్ పెట్టుకున్న మనిషిది వ్యామోహమని నేను అనను. అది సమాధానం దొరకని ప్రశ్నతో ఇంటికి వచ్చిన మనిషి చేసిన పని.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఒకటే మాట. యాప్ మనకు చూపించే అంకె మనం తిన్నదానిది కాదు, మనం తిన్నామని రాసుకున్నదానిది. ఈ రెండింటి మధ్య దూరం ఎంత, ఆ దూరం ఎక్కడ పుడుతుంది, అది తెలిసినవారు యాప్‌ను ఎలా వాడుకోవచ్చు అన్నదే నా ప్రసంగమంతా.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు ‘అన్నం, ఒక గిన్నె’ అని రాయగానే ఫోన్ ఒక కేలరీల అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎవరు చెప్పారు? పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో విల్బర్ అట్వాటర్ అనే శాస్త్రవేత్త ఆహారంలోని శక్తిని కొలిచి, పిండిపదార్థాలు గ్రాముకు 4 కేలరీలు, మాంసకృత్తులు 4, కొవ్వు 9 అన్న లెక్క స్థిరపరిచాడు. నేటికీ ప్రతి యాప్ లోపలా, ప్రతి బిస్కెట్ పాకెట్ వెనకా దాదాపు అదే లెక్క నడుస్తోంది. అయితే ఏ పదార్థంలో ఎంత పిండి, ఎంత కొవ్వు ఉందో ఎవరో ఒకరు ప్రయోగశాలలో తేల్చాలి కదా. మన దేశంలో ఆ పని చేసిన సంస్థ మనకు దగ్గరలోనే, హైదరాబాదు తార్నాకలో ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందిన ఆ సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను కొత్తగా ప్రచురించింది. దేశంలోని వివిధ ప్రాంతాల నుంచి సేకరించిన 528 పదార్థాలను అందులో విశ్లేషించారు. మన దేశంలో తిండి లెక్కకు ఇంతకన్నా గట్టి ఆధారం లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. ఆ పట్టికల్లో ఉన్నవి ప్రధానంగా పచ్చి పదార్థాలు. బియ్యం ఉంటుంది, కందిపప్పు ఉంటుంది, గోంగూర ఉంటుంది. మీ ఇంట్లో మీ అత్తగారు చేసే గోంగూర పప్పు ఉండదు. అది ఉండాలంటే ఎవరో ఒకరు ఇంత పప్పు, ఇంత ఆకు, ఇంత నూనె అని ఊహించి, కలిపి, లెక్క కట్టాలి. కొన్ని యాప్‌లలో ఆ పని నిపుణులు చేస్తారు. 2012లో బెంగళూరులో మొదలైన హెల్తీఫైమీ వంటివి మన వంటకాల జాబితాను ప్రత్యేకంగా తయారుచేసుకున్నాయి. జాతీయ పోషకాహార సంస్థ కూడా 2019లో న్యూట్రిఫై ఇండియా నౌ అన్న పేరుతో సొంత యాప్ తెచ్చింది. 2005లో అమెరికాలో పుట్టిన మైఫిట్‌నెస్‌పాల్ వంటి వాటిలో మాత్రం చాలా వివరాలు వాడుకరులే చేర్చినవి. అందులో ‘గోంగూర పప్పు’ అని వెతకండి, అక్షరక్రమం మారిన పేర్లతో అనేక వరుసలు వస్తాయి, ఒక్కో వరుసకు ఒక్కో అంకె ఉంటుంది. ఒకరు డాలస్‌లో కూర్చుని తన వంటను చేర్చి ఉంటారు, మరొకరు గుంటూరులో. వాటిలో మీరు దేన్ని ఎంచుకుంటారు? అలాంటి చోట తక్కువ అంకె వైపు వేలు వెళ్లడం మనిషి సహజం.

పచ్చిదీ వండినదీ కలిసిపోవడం వల్ల జరిగే పొరపాటు ఎంత పెద్దదో అన్నం ఉదాహరణతో చెబుతాను. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 356 కేలరీలు ఉంటాయి. ఆ బియ్యం ఉడికితే నీరు పీల్చుకుని 270 గ్రాముల దాకా తూగుతుంది. అంటే వంద గ్రాముల అన్నంలో ఉండేది 130 కేలరీల దరిదాపు. ఒకాయన మధ్యాహ్నం 300 గ్రాముల అన్నం తిని, జాబితాలో ‘రైస్’ అన్న వరుస ఎంచుకున్నారనుకోండి. అది బియ్యం వరుస అయితే యాప్ 1,068 కేలరీలు రాస్తుంది. తిన్నది నిజానికి 390. ఒక్క పూటలో దాదాపు 680 కేలరీల తేడా. సాయంత్రానికి ఆయనకు కోటా దాటిందని ఎర్ర గీత కనిపిస్తుంది, రాత్రి భోజనం మానేస్తారు, తొమ్మిది గంటలకు ఆకలి ఆగక మిక్స్చర్ డబ్బా తెరుస్తారు. ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను. తప్పు ఆ మనిషిది కాదు, ఒక వరుసది.

ఉమ్మడి గిన్నె, కనిపించని నూనె

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. ఈ యాప్‌లన్నీ ఒక మనిషి, ఒక కంచం, ఒక కొలత అన్న ఊహ మీద కట్టినవి. మన ఇళ్లలో ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండుతాం. గుత్తివంకాయ కూరలో నాలుగు గరిటెల నూనె వేస్తాం. దానిలో నా వాటా ఎంత? రెండు కాయలు తిన్నవారికి ఎంత, అడుగున నూనెతో కలిసిన గుజ్జు వేసుకుని అన్నంలో కలుపుకున్నవారికి ఎంత? ఏ యాప్ కూడా చెప్పలేదు. ఒక గరిటె, అంటే 15 మిల్లీలీటర్ల నూనె అనుకుంటే, అందులో 120 కేలరీలు ఉంటాయి. పచ్చడి మీద తాలింపు, అన్నం మీద నెయ్యి, ఆవకాయలో పైకి తేలే నూనె, ఇవన్నీ రాసేవారు అరుదు. అవి పదార్థాలుగా మన మనసుకు తట్టవు.

ఇప్పుడు ఫొటో తీస్తే చాలు, కృత్రిమ మేధ గుర్తించి లెక్క చెబుతుందంటున్నారు. నిజమే, ఇడ్లీని ఇడ్లీ అని గుర్తిస్తుంది, ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. రాసే శ్రమ తగ్గిస్తుంది కాబట్టి ఆ సదుపాయాన్ని నేను స్వాగతిస్తాను. కానీ కెమెరాకు పైభాగమే కనిపిస్తుంది. పప్పు కింద అన్నం ఎంత లోతు ఉందో, ఆ వేపుడు రెండు చెంచాల నూనెలో వేగిందో, ఆరు చెంచాలలో వేగిందో ఫొటోకు తెలియదు. మన భోజనంలో కేలరీల తేడా ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ కనిపించని చోటే.

మరి నూనె లెక్క ఎలా తెలుసుకోవాలి? అమ్మలూ, దీనికి యాప్ అవసరం లేదు, కిరాణా చీటీ చాలు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకు నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు అని చెప్పారు. నలుగురు పెద్దవారున్న ఇంటికి నెలకు లెక్కవేస్తే సుమారు 3,240 గ్రాములు, అంటే మూడున్నర లీటర్ల దరిదాపు. నెలాఖరున మీ ఇంట్లో ఎన్ని లీటర్ల నూనె, ఎంత నెయ్యి ఖర్చయిందో చూడండి. అయిదు లీటర్లు, ఆరు లీటర్లు అయి ఉంటే, ఇంట్లో ఎవరి యాప్ ఏం చెప్పినా, అందరూ ఎక్కువే తింటున్నారు. బయట తిన్న బజ్జీలు, బిర్యానీలు ఈ లెక్కలోకి రానేలేదు. ఈ ఒక్క లెక్క, నా అనుభవంలో, నెలరోజుల యాప్ రికార్డు కంటే ఎక్కువ ఇళ్లలో మార్పు తెచ్చింది. ఎందుకంటే అది ఇంటి మొత్తానిది. ఒకరు ఫోన్ పట్టుకుని తనకు తాను శిక్ష వేసుకోవడం ఇందులో లేదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. చాలా ఇళ్లలో యాప్ భర్త ఫోన్‌లో ఉంటుంది, వంట భార్య చేస్తుంది. ఆయన భోజనానికి కూర్చుని ‘ఇందులో నూనె ఎంత వేశావు, పప్పు ఎన్ని గ్రాములు’ అని అడుగుతారు. ఆమె కంటితో చూసి చేత్తో వేసే మనిషి, గ్రాములు ఎక్కడి నుంచి చెబుతుంది? ఇలా రోజూ అడిగితే అది లెక్కగా ఉండదు, ఆరాగా మారుతుంది. అయ్యా, మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే ఒక ఆదివారం మీరే వంటగదిలో నిలబడి, తూకం యంత్రం పెట్టుకుని, పప్పూ నూనే కొలిచి, మీరే వండండి. ఆ ఒక్కరోజు కొలత మీకు చాలా కాలం పనికొస్తుంది.

బార్‌కోడ్ మనల్ని లాగే దారి

ఈ యాప్‌లలో అన్నిటికంటే సులువైన పని బార్‌కోడ్ స్కాన్ చేయడం. పాకెట్ వెనక నల్ల గీతల మీద కెమెరా పెడితే కేలరీలు, చక్కెర, ఉప్పు అన్నీ వస్తాయి. మంచిదే. లేబుల్ చదివే అలవాటు లేనివారికి అది కళ్లు తెరిపిస్తుంది. ఆరోగ్యానికి మంచిదని కొన్న ఓట్స్ బిస్కెట్లో చక్కెర ఎంతుందో చూసి ఆశ్చర్యపోయినవారు నాకు తెలుసు.

కానీ ఆలోచించండి. పాకెట్‌కు బార్‌కోడ్ ఉంది, జొన్నరొట్టెకు లేదు. ప్రొటీన్ బార్ ఒక్క క్షణంలో నమోదవుతుంది. అమ్మ చేసిన సర్వపిండి నమోదు చేయాలంటే పది నిమిషాలు పడుతుంది, అయినా అది సరైన లెక్కో కాదో తెలియదు. లెక్క తప్పకూడదన్న పట్టుదల ఉన్న యువత, ముఖ్యంగా ఒంటరిగా ఉద్యోగాలు చేసుకునే పిల్లలు, మెల్లగా ఏం చేస్తారంటే లెక్క సులువుగా వచ్చే తిండివైపు జరుగుతారు. అమెరికాలో, న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న మన పిల్లల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున పాకెట్ సీరియల్, మధ్యాహ్నం పాకెట్ సలాడ్, సాయంత్రం ప్రొటీన్ షేక్, అన్నీ స్కాన్ అవుతాయి కాబట్టి రోజు పరిపూర్ణంగా నమోదైనట్టు కనిపిస్తుంది. పప్పుచారు, బెండకాయ కూర, పెరుగన్నం తిన్న రోజు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ రోజే మంచి భోజనం చేసిన రోజు కావచ్చు.

పైగా లేబుల్ మీది అంకె కూడా ఖచ్చితమైనదేమీ కాదు. అమెరికాలో ముద్రించిన దానికంటే 20 శాతం వరకు ఎక్కువ కేలరీలు ఉన్నా నిబంధన అంగీకరిస్తుంది. మన దేశంలో 2022 నుంచి పెద్ద హోటల్ గొలుసులు మెనూలో కేలరీలు చూపాలన్న నియమం అమల్లోకి వచ్చింది. అక్కడ కూడా వంటవాడి చెయ్యి రోజుకో తీరుగా ఉంటుంది కదా. అందువల్ల యాప్ ‘ఈరోజు 1,847’ అని చూపితే, చివరి 47 మీద మనసు పెట్టకండి. 1,800 అటూ ఇటూగా, బహుశా 2,000 దాటి కూడా ఉండవచ్చు అని చదువుకోండి.

యాప్ బాగా చూపించేది ఏమిటి?

ఇంతసేపూ లోపాలే చెప్పాను కాబట్టి యాప్ తీసివేయమంటున్నానని అనుకోకండి. నేను నా దగ్గరకు వచ్చేవారికి యాప్ పెట్టుకోమని చెబుతాను. ఒక్క షరతు: పది రోజులు, నిజాయితీగా, ఏమీ మార్చకుండా, ఇప్పుడు తింటున్నది తింటున్నట్టే రాయండి. ఆ పది రోజుల్లో ఒక ఆదివారం, వీలైతే ఒక పండుగో విందో ఉండేలా చూసుకోండి. తరువాత మనిద్దరం కూర్చుని చూద్దాం అంటాను.

రాసుకోవడానికి ఉన్న శక్తిని తక్కువగా చూడకూడదు. ఈ యాప్‌లు వ్యాప్తిలోకి రాకముందే, 2008లో, అమెరికాలో దాదాపు 1,700 మందిపై జరిగిన అధ్యయనం ప్రచురితమైంది. రోజూ తిండి రాసుకున్నవారు, రాయనివారికంటే రెట్టింపు బరువు తగ్గారని అది చెప్పింది. రాస్తున్నప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగుతుంది, మనసు చూస్తుంది. ఆ మేలు అంకె సరిగ్గా ఉన్నా లేకపోయినా దక్కుతుంది.

మరి ఆ పది రోజుల్లో కనిపించేది ఏమిటి? కేలరీల కంటే ముందు, కంచంలో ఏది ఎంత భాగమో కనిపిస్తుంది. ఒక 60 కిలోల గృహిణి మామూలు రోజు తీసుకుందాం. పొద్దున మూడు ఇడ్లీలు, అంటే సుమారు 50 గ్రాముల రవ్వ, 20 గ్రాముల మినప్పప్పు. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం అన్నం, 25 గ్రాముల కందిపప్పుతో పప్పు, ఒక కూర, ఒక కప్పు పెరుగు. రాత్రి కొంచెం తక్కువ అన్నం, చారు, మళ్లీ పెరుగు. మధ్యలో రెండుసార్లు కాఫీ. మాంసకృత్తులు కూడి చూడండి: మొత్తం 40 గ్రాముల దరిదాపు వస్తుంది. వైద్య పరిశోధన మండలి చెప్పినది కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే ఆమెకు రోజుకు 50 గ్రాములు. ‘నేను రోజూ పప్పు తింటున్నాను, నాకు ప్రొటీన్ ఎందుకు తక్కువవుతుంది’ అని ఆమె అడుగుతుంది. పలుచటి పప్పులో మనిషికి పడేది 25 గ్రాముల పప్పు మాత్రమేననీ, అందులో మాంసకృత్తులు అయిదారు గ్రాములేననీ ఆ రోజే ఆమెకు తెలుస్తుంది. ఇలాంటిది చూపించడంలో యాప్ నిజంగా మంచి గురువు.

ఈ లోటు ఎంత పెద్దదో ఇంకొక లెక్క చెబుతుంది. మన దేశంలో సగటున 62 శాతం కేలరీలు పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని అదే మధుమేహ సర్వే బృందం 2025లో ప్రచురించింది. 2024 మార్గదర్శకాలు ధాన్యాల వాటా 45 శాతానికి మించవద్దంటున్నాయి. మరి లోటు కనబడగానే ఏం చేస్తున్నాం? యాప్ కిందనే ప్రొటీన్ పొడి ప్రకటన వస్తుంది, కొనేస్తున్నాం. అదే మార్గదర్శకాలు కండ కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని చెప్పాయి. పది గ్రాముల లోటుకు డబ్బా ఎందుకు? 30 గ్రాముల శనగలు గుగ్గిళ్లు చేసుకుంటే దాదాపు ఆరు గ్రాములు, గుప్పెడు వేరుశనగలకు ఏడు గ్రాములు, ఒక గుడ్డుకు ఆరేడు గ్రాములు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు గట్టిగా వండుకుంటే ఆ మేరకు సరిపోతుంది. ఈ మార్పు స్థిరపడ్డాక రోజూ రాయనక్కరలేదు. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ ఒక వారం రాసి చూసుకుంటే చాలు.

లక్ష్యం ఎవరిది, భయం ఎవరిది?

యాప్ తెరవగానే బరువు, ఎత్తు, వయసు అడిగి ‘మీ లక్ష్యం 1,200 కేలరీలు’ అని చెబుతుంది. ఆ అంకె ఎక్కడిది? చాలా యాప్‌లు వాడే సూత్రం 1990లో అమెరికాలో 498 మంది మీద చేసిన కొలతల నుంచి వచ్చింది. అది మంచి సూత్రమే, కానీ అది సగటు. మన దేహాల తీరు వేరు, మన పని వేరు. వైద్య పరిశోధన మండలి 2020 లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే, 55 కిలోల భారతీయ స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు కావాలి. తోటలో, పొలంలో, మేస్త్రీ కింద పనిచేసే స్త్రీకి అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. వారానికి కిలో తగ్గాలి అని మీరు నొక్కిన ఒక్క మీట వల్ల యాప్ ఆ అంకెను ఎంతో కిందికి దించేసి ఉండవచ్చు. దాన్ని వైద్యుడి మాటగా తీసుకోకండి.

‘నేను 1,200 మాత్రమే తింటున్నాను, అయినా తగ్గడం లేదు’ అనేవారు కూడా చాలామంది. వారి మాట అబద్ధమని నేను ఎప్పుడూ అనను. 1992లో న్యూయార్క్‌లో అచ్చంగా ఇలా చెప్పినవారినే తీసుకుని, శరీరం ఖర్చు చేసే శక్తిని శాస్త్రీయంగా కొలిచి చూశారు. వారు రాసినదాని కంటే నిజంగా తిన్నది చాలా ఎక్కువ. సగటున 47 శాతం తక్కువ రాశారు. వారి దేహతత్వంలో లోపమేమీ కనబడలేదు. వారు మోసం చేయాలని రాయలేదు. మనిషి జ్ఞాపకం అలాంటిది: వండుతూ రుచి చూసినది, పిల్లలు వదిలేసినది, ప్రసాదంగా చేతిలో పెట్టినది, ఇవేవీ భోజనంగా గుర్తుండవు. అందుకే రాత్రి పడుకునే ముందు మొత్తం రాసేవారికి చెబుతున్నాను, తిన్న వెంటనే రాయండి, లేకపోతే రాయకండి.

ఇక బాధతో చెప్పవలసిన విషయం ఒకటుంది. వరుసగా ఇన్ని రోజులు రాశారని అభినందించడం, ఒక రోజు దాటితే ఎర్రరంగు చూపడం, ఇవి కొందరి మనసును మెలిపెడతాయి. తిండికి సంబంధించిన మానసిక రుగ్మతతో చికిత్సకు వచ్చిన 105 మందిని అమెరికాలో అడిగి చూస్తే, నాలుగింట మూడు వంతుల మంది కేలరీల యాప్ వాడామన్నారు. వాడినవారిలో 73 శాతం మంది తమ రుగ్మతకు అది కొంతైనా కారణమైందన్నారు. 2017లో ఆ అధ్యయనం వచ్చింది. దీనివల్ల యాప్ రోగం పుట్టించిందని చెప్పలేం. కానీ అప్పటికే సన్నగా ఉండాలన్న భయంతో ఉన్న పిల్ల చేతిలో అది ఏమవుతుందో తెలుస్తుంది. మీ ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి పండుగ రోజు బూరె ముట్టకుండా ఫోన్ చూసుకుంటుంటే, అందరితో కలిసి తినడం మానేస్తుంటే, నెలసరి తప్పుతుంటే, దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకోకండి. యాప్ తీసేయించి, మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. అబ్బాయిల్లోనూ ఇది ఉంటుంది, జిమ్ పేరుతో కనబడకుండా ఉంటుంది.

జబ్బు ఉన్నవారికి

మామూలు మనిషికి వంద కేలరీల తేడా పెద్ద విషయం కాదు. కొందరికి తేడా ప్రాణం మీదికి వస్తుంది. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు ప్రతి పూటా ఎన్ని గ్రాముల పిండిపదార్థం తింటున్నారో చూసి ఇన్సులిన్ వేయాలి. ఆ తల్లిదండ్రులకు యాప్ ఎంతో ఉపకరిస్తుంది, వారు మనందరికంటే జాగ్రత్తగా వాడతారు. వారికి నా విన్నపం, జాబితాలో దొరికిన ఏదో ఒక వరుస నమ్మకండి. మీ ఇంటి ఇడ్లీ, మీ ఇంటి దోసె, మీ ఇంటి గిన్నె అన్నం ఒకసారి తూచి, డైటీషియన్‌తో సరిచూయించుకుని, మీ సొంత పదార్థంగా చేర్చుకుని అదే వాడండి. బియ్యం వరుస, అన్నం వరుస తారుమారైతే మోతాదు మూడింతలు కావచ్చు.

రెండోది మూత్రపిండాల జబ్బు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది ఎంతగా వ్యాపించి ఉందో మీకు తెలుసు. డయాలసిస్ మీద ఉన్నవారిని చాలామందిని పొటాషియం తగ్గించమంటారు. వారి పిల్లలు ప్రేమతో నాన్న ఫోన్‌లో యాప్ పెడతారు. రోజంతా రాశాక అది పొటాషియం చాలా తక్కువ చూపిస్తుంది, అందరూ ఊరట పడతారు. జరిగింది ఏమిటంటే, వాడుకరులు చేర్చిన ఆ వంటకాల వరుసల్లో పొటాషియం గడి ఖాళీగా ఉంది. యాప్ ఖాళీని సున్నాగా కూడింది. ఖాళీ గడి అంటే సున్నా కాదు, ఎవరూ రాయలేదని అర్థం. ఉద్దానం కొబ్బరి తోటల సీమ, కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. ‘ఇంకా కోటా ఉంది కదా’ అని ఒక బోండాం తాగితే ఏమవుతుంది? రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కాబట్టి మూత్రపిండాల రోగులు యాప్ చూపే పొటాషియం, ఫాస్ఫరస్ అంకెల మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రక్తపరీక్షే మీ అంకె. ఈ మాటను మీకు తెలిసిన ఒక్క కుటుంబానికైనా చేరవేయండి, మరీ మరీ అడుగుతున్నాను.

గోప్యత గురించి క్లుప్తంగా చెబుతాను. ఏం తింటారు, ఎంత బరువు, ఏ జబ్బు, ఏ మందు అన్నవన్నీ మీరు యాప్‌కు ఇస్తున్నారు. 2018లో మైఫిట్‌నెస్‌పాల్‌కు చెందిన దాదాపు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటివారి చేతికి చిక్కాయి. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు, తొలగించమని అడిగే హక్కు ఆ చట్టంలో ఉన్నాయి. వాడకం ఆపినప్పుడు యాప్ తీసేసి ఊరుకోకండి, ముందు ఖాతాను తొలగించండి.

ఇప్పుడే ముందు వరుసలోని అమ్మ ఒక చీటీ పంపారు: ‘మా మనవడు సరిగ్గా తినడు, వాడి తిండి కూడా యాప్‌లో రాయమంటారా?’ వద్దమ్మా. చిన్నపిల్లల ఆకలి ఒకరోజులా ఇంకొకరోజు ఉండదు, కేలరీలు లెక్కించి ముద్దలు పెడితే వాడికీ మీకూ కన్నీళ్లే మిగులుతాయి. పిల్లల విషయంలో చూడవలసింది పెరుగుదల. అంగన్‌వాడీ టీచర్లు 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో పిల్లల ఎత్తు, బరువు నమోదు చేస్తున్నారు. పోషకాహార యాప్‌లన్నిటిలో నేను ఎక్కువ గౌరవించేది దీన్నే, ఎందుకంటే అందులో ఊహ లేదు, త్రాసు మీద నిలబెట్టి తూచిన బరువు ఉంది. మీ మనవడి పేరు అక్కడ ఉంటే, ఈ నెల బరువు, ఎత్తు ఎంత రాశారో, వయసుకు తగ్గట్టు ఉన్నాడో లేదో టీచరును అడగండి, ఆమె చూపిస్తుంది. ప్రైవేటు బడికి వెళ్తుంటే టీకాల కార్డులో ఉన్న పెరుగుదల గీతల మీద మీరే నెలనెలా చుక్క పెట్టండి. గీత పైకి పోతుంటే వాడు ఒక పూట తినకపోయినా కంగారు పడకండి. రెండు మూడు నెలలు వరుసగా గీత అడ్డంగా ఉండిపోయినా, కిందికి దిగినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, పిల్లల డాక్టరు దగ్గరకో ఆ కార్డు పట్టుకుని వెళ్లండి.